టైరుకూ ఒక జాతకం

మన సంపాదకులు మా చేత అప్పుడప్పుడు ఆరోగ్యం మీద నాలుగు మాటలు వ్రాయిస్తుంటారు. మధుమేహం అయింది. రక్తపోటు అయింది. ఎండదెబ్బ రెండుసార్లు అయింది. ఈ మాటు మోటారు సైకిలు టైరును గురించి వ్రాస్తామంటే వారు కాసేపు ఊరుకొని, "అది వైద్యం క్రిందికి వస్తుందా డాక్టరు గారూ?" అన్నారు. వస్తుందనే మా అభిప్రాయం. అసలు గాలి టైరును లోకానికి అలవాటు చేసినవాడే ఒక వైద్యుడు. కాకపోతే పశువుల వైద్యుడు. బెల్‌ఫాస్ట్ నగరంలో ఉండిన జాన్ బాయ్‌డ్ డన్లప్ తన కొడుకు మూడు చక్రాల బండి రాళ్ళ వీధుల్లో ఎగిరెగిరి పడుతున్నదని దానికి రబ్బరు గొట్టం చుట్టి గాలి నింపాడు. 1888లో పేటెంటు పుచ్చుకొన్నాడు. రాబర్ట్ థామ్సన్ అనే ఆయన 1845లోనే అటువంటిదానికి పేటెంటు తీసుకొని ఉన్నాడని తరువాత బయటపడింది గాని, పేరు మాత్రం డన్లప్‌కే దక్కింది. కాబట్టి టైర్ల జోలికి డాక్టర్లెందుకు అనేవారికి ఈ ఒక్క జవాబు చాలును.

ఇంకొక జవాబు కూడా ఉన్నది. అది అంత హాయిగా చెప్పగలిగేది కాదు.

మేమున్న అల్ రువైస్ కతార్ దేశానికి ఉత్తరపు కొస. దోహా నుండి అల్ షమాల్ రోడ్డు మీద వంద కిలోమీటర్లకు పైగా వస్తే, ఇక పోవడానికి నేల లేక సముద్రం వస్తుంది. అక్కడ చేపల పడవలు, రేవు, మసీదు, రెండు మూడు వీధుల దుకాణాలు. మన తెలుగువాళ్ళు ఇక్కడ దోహాలో ఉన్నంతమంది లేరు. ఉన్నవారిలో ఎక్కువ మంది జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు వైపు నుండి వచ్చిన పనివారు. ఇళ్ళలో వంటకూ పిల్లల పెంపకానికీ వచ్చిన కోనసీమ, కడప ఆడపడుచులు కొందరు. వీళ్ళు జ్వరమొచ్చినా, ఇంటి మీద బెంగపుట్టినా మా దగ్గరకే వస్తారు. బెంగకు మందు లేదు గనుక మాటలు చెప్పి పంపుతుంటాము.

అట్లా వచ్చినవారిలో ఒక తమ్ముడు. జగిత్యాల దగ్గర పల్లె. పేరు వ్రాయము. వెల్డింగు పని. 2023 అక్టోబరులో సెలవు నుండి తిరిగి వచ్చి, పనికి యోగ్యుడని కాగితం కావాలని మా గదిలోకి వచ్చాడు. రావడమే కుంటుకుంటూ వచ్చాడు. కుడి తొడ ఎముక విరిగి లోపల రాడ్డు వేసి ఉన్నది. ఎముక అతుకుతున్నది గాని పూర్తిగా అతకలేదు. ఇంకో రెండు మూడు నెలలు ఇంటి దగ్గర ఉండవలసిన మనిషి. ఎందుకు వచ్చాడంటే, ఈ దేశం విడిచి ఆరు నెలలు దాటితే, ముందుగా అనుమతి తెచ్చుకొంటే తప్ప, రెసిడెన్స్ పర్మిట్ చెల్లదు. అతడు ఏప్రిల్ ఇరవయ్యో తారీఖున వెళ్ళాడు. లెక్క వేసుకొని గడువుకు వారం ముందు విమానం ఎక్కాడు.

"ఎట్లా జరిగింది తమ్ముడూ?" అని అడిగాము.

"బండి మీద పడ్డ సార్. ఎన్క టైరు పేలింది. బండి కొత్తదే సార్. తొమ్మిది వేలు గూడ తిరగలే."

కొత్త బండికి టైరు పేలడమేమిటని మాకు ఆశ్చర్యం వేసింది. ఎప్పుడు కొన్నావంటే, 2014 దసరాకు అన్నాడు. గల్ఫ్ డబ్బుతో కొన్న మొదటి వస్తువట. కొన్న రెండు నెలలకే తిరిగి ఇక్కడికి వచ్చేశాడు. ఆ తరువాత రెండేళ్ళకొకసారి, రెండు నెలలు సెలవు. సెలవులో ఉన్నన్నాళ్ళే బండి తిరుగుతుంది. మిగతా కాలమంతా ఇంటి ముందు రేకుల క్రింద, బోరు మోటారు పక్కన, పాత చీర కప్పుకొని నిలబడి ఉంటుంది. ఆ చీర కూడా అతడి భార్య ప్రేమగా కప్పిందే.

మే నెలలో ఒకనాడు భార్యనూ ఆరేళ్ళ కూతురినీ ఎక్కించుకొని ధర్మపురి నరసింహస్వామి దర్శనానికి వెళ్ళాడు. పొద్దున చల్లగా వెళ్ళారు. తిరుగు ప్రయాణం మిట్టమధ్యాహ్నం. వెనుక చక్రం ఢాం అన్నది. బండి తోక పాములాగా కొట్టుకొన్నది. అతడు బ్రేకు తొక్కాడు. ముగ్గురూ రోడ్డు మీద. అతడికి తొడ, భార్యకు మణికట్టు. పాపకు మోకాళ్ళు, మోచేతులు చెక్కుకుపోవడంతో సరిపోయింది. అతడి తలకు హెల్మెట్ ఉన్నది. దాని మీద గీసుకుపోయిన గాటు ఫోనులో చూపించాడు. అదే ఫోనులో టైరు ఫొటో కూడా ఉన్నది. ఆస్పత్రి మంచం మీద ఉండి బామ్మర్ది చేత తీయించుకొన్నాడట, ఇన్సూరెన్సుకు పనికివస్తుందేమోనని.

ఆ ఫొటోను పెద్దది చేసి చూచాము. టైరు మీద గీతలన్నీ నిండుగా ఉన్నాయి. అరుగుదల అన్నది లేదు. పక్కగోడ మీద మాత్రం ఎండిన చెరువు అడుగులాగా సన్నని బీటలు. ఒకచోట ఆ బీట వెంబడే చీలి, లోపలి దారాలు బయటికి వచ్చాయి. మన పెద్దలు పైన పటారం, లోన లొటారం అన్నది ఇటువంటిదాన్ని చూచే కాబోలు. ఆ బీటలకు కాస్త ఎడంగా నాలుగు అంకెలు: 2214.

ఈ నాలుగంకెల సంగతి మన పాఠకుల్లో ఎందరికి తెలుసునో గాని, తెలియనివారి కోసం చెబుతాము. ప్రతి టైరు పక్కగోడ మీద దాని పుట్టిన తేదీ అచ్చుపోసి ఉంటుంది. మొదటి రెండంకెలు వారం, తరువాతి రెండు సంవత్సరం. 2214 అంటే 2014వ సంవత్సరంలో ఇరవై రెండవ వారం, అనగా మే ఆఖరు. 2000 సంవత్సరానికి ముందు చేసినవాటికి మూడంకెలే ఉండేవి. అటువంటిది ఇప్పుడెక్కడైనా కనబడితే దాన్ని దూడలను కట్టే గుంజకు తొడగడానికి తప్ప మరి దేనికీ వాడకూడదు. కొన్ని టైర్లకు తేదీ ఒకవైపే ఉంటుంది, అవతలి వైపు వంగి చూడాలి.

అంటే ఆ బండి తొమ్మిది వేల కిలోమీటర్ల పసిపిల్ల. టైరు మాత్రం తొమ్మిదేళ్ళ ముసలిది. మనవాళ్ళందరం చూచేది కిలోమీటర్లనూ గీతలనూ. రబ్బరుకు ఆ లెక్క తెలియదు. దానికి వయస్సు పుట్టిన రోజు నుండే నడుస్తుంది. పెండ్లయిన రోజు నుండి కాదు.

రబ్బరు ఎందుకు ముసలిదవుతుందో తెలుసుకొంటే మాకు మా పాఠ్యపుస్తకాలే గుర్తుకు వచ్చాయి. పాలరబ్బరు ఉత్తదైతే ఎండకు కరిగి చలికి పెళుసెక్కుతుంది. చార్లెస్ గుడియర్ 1839లో దాన్ని గంధకంతో కలిపి వేడిచేసి గట్టిపరచడం కనిపెట్టాడు. గంధకం రబ్బరు పోగుల మధ్య వంతెనలు కడుతుంది. ఆ వంతెనల వల్లనే సాగి, మళ్ళీ యథాస్థానానికి వస్తుంది. గాలిలోని ఆక్సిజను మెల్లమెల్లగా లోపలికి ఇంకి కొన్ని పోగులను తెంపుతుంది, కొన్నిచోట్ల లేనిపోని కొత్త వంతెనలు కడుతుంది. రబ్బరు బిర్రబిగుసుకుపోతుంది. వయస్సు మీరిన మనిషి రక్తనాళాలకు పట్టే గతి ఇదే. మెత్తగా సాగవలసినది గట్టిపడుతుంది. ఓజోను వేరే పని చేస్తుంది. సాగదీసి ఉన్నచోట పైపొరను కత్తితో గీసినట్లు చీలుస్తుంది. పక్కగోడ ఎప్పుడూ సాగే ఉంటుంది గనుక బీటలు ముందు అక్కడే కనిపిస్తాయి. తిరిగే మోటార్ల రవ్వల నుండి కూడా ఓజోను పుడుతుంది. బోరు మోటారు పక్కన బండి నిలపవద్దనడానికి కారణమిదే. ఎండ సంగతి సరే. టైరు నల్లగా ఉండడానికి కారణమైన కార్బన్ పొడి ఎండ పోటును కొంత కాచుకొంటుంది గాని, వేడిని కాచుకోలేదు. ఇటువంటి రసాయనపు మార్పులు పది డిగ్రీల వేడి పెరిగితే సుమారుగా రెండింతల వేగంతో నడుస్తాయని మేము ఇంటర్‌లో చదివిన మాటే.

ఇందులో మాకు అన్నింటికంటె వింతగా తోచింది మరొకటి. టైరు చేసేటప్పుడే రబ్బరులో మైనం, ఓజోనును అడ్డుకొనే మందులు కలుపుతారు. చక్రం తిరిగి, టైరు నలిగి, వేడెక్కినప్పుడల్లా అవి కొద్దికొద్దిగా పైకి ఊరి ఒంటికి నూనె రాసినట్లు పొరగా ఏర్పడతాయి. నిలబెట్టిన బండికి ఈ అభ్యంగనం లేదు. మంచం పట్టిన రోగికి ఒరుపులు వచ్చినట్లు నిలిచిన టైరుకు బీటలు వస్తాయి. బరువంతా ఒక్కచోటే పడి అక్కడ చదునవుతుంది కూడాను. బండిని తిప్పకుండా దాచుకొంటే కొత్తగా ఉంటుందనుకోవడం బంగారానికి చెల్లుతుంది, రబ్బరుకు చెల్లదు.

ఇక గాలి. ట్యూబులోంచి నెలకు ఒకటి రెండు పౌండ్ల గాలి ఎవరూ తీయకుండానే పోతుంది. రెండేళ్ళు నిలబడిన బండికి ఏమి మిగులుతుందో లెక్క వేసుకోవచ్చును. మనవాడు సెలవులో దిగగానే బొటనవేలితో నొక్కి చూచి, "సాలు తీయ్" అనుకొని బయలుదేరతాడు. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టుకూ పక్కగోడ దగ్గర మడతపడి విప్పుకొంటుంది. ఆ మడతలో వేడి పుడుతుంది. ముగ్గురి బరువు, మే నెల రోడ్డు, లోపల అప్పటికే పెళుసెక్కిన రబ్బరు. ట్యూబు లేని టైరయితే చాలాసార్లు మెల్లగా గాలి దిగి మనిషికి కాస్త వ్యవధి ఇస్తుంది. ట్యూబు ఉన్నది అట్లా కాదు, ఒక్కసారిగా పోతుంది. అటువంటప్పుడు బ్రేకు గట్టిగా తొక్కకుండా, యాక్సిలరేటరు మెల్లగా వదిలి, హ్యాండిలు తిన్నగా పట్టుకొని బండిని దానంతటదే నెమ్మదించనివ్వాలి అంటారు. భార్యాబిడ్డలు వెనుక కేకలు వేస్తుండగా ఆ నిబ్బరం ఎంతమందికి ఉంటుంది?

టైరు ఎన్నాళ్ళకు మార్చాలి? పెద్ద పెద్ద టైరు కంపెనీలు చెప్పేది దాదాపు ఒకటే. ఐదేళ్ళు నిండాక ఏటా తెలిసినవాడి చేత పరీక్ష చేయించాలి. పదేళ్ళు నిండితే ఎంత బాగా కనిపించినా తీసివేయాలి. ఈ పదేళ్ళ మాట చలిదేశపు కార్లను కూడా కలుపుకొని చెప్పినది. మన రెంటచింతల ఎండలోనో, 2010 జులైలో 50.4 డిగ్రీలు చూచిన దోహా ఎండలోనో ఉన్న రెండు చక్రాల బండికి అంత ఉదారంగా ఉండనక్కరలేదని మా అభిప్రాయం. కారుకు ఒక టైరు పోతే ఇంకా మూడున్నాయి. మోటారు సైకిలుకు ఒకటి పోతే మిగిలేది రోడ్డే. ఐదేళ్ళు దాటి బీటలు కనిపిస్తే మేము మాత్రం మార్చమనే చెబుతాము. రెండు వేల రూపాయలకు అటూ ఇటూ అయ్యే వస్తువది. తొడలో వేసిన రాడ్డు ఖర్చు ఎంతో మన తమ్ముడిని అడిగితే చెబుతాడు.

ఇంగ్లండులో ఇది చట్టం అయ్యేదాకా వెళ్ళింది. 2012 సెప్టెంబరులో ఒక సంగీతోత్సవం నుండి కుర్రకారును తీసుకువస్తున్న బస్సు సర్రే ప్రాంతంలో ముందు టైరు పగిలి చెట్టుకు గుద్దుకొన్నది. ముగ్గురు పోయారు. వారిలో ఒకడికి పద్దెనిమిదేళ్ళు. ఆ టైరుకు పందొమ్మిది. బస్సు కంటె కూడా పెద్దది. గీతలు బాగున్నాయి గనుక అప్పటి నిబంధనల ప్రకారం దోషమేమీ లేదు. ఆ పిల్లవాడి తల్లి ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి, చివరకు 2021 ఫిబ్రవరి నుండి లారీలకూ బస్సులకూ ముందు చక్రాలకు పదేళ్ళు దాటిన టైరు వాడకూడదని చట్టం తెప్పించింది. మోటారు సైకిళ్ళకు అది వర్తించదు. వాటి సంగతి వాటి యజమానులే చూచుకోవాలి.

మన దేశం సంగతికి వస్తే 2022లో రోడ్డు ప్రమాదాల్లో పోయినవారు 1,68,491 మంది అని కేంద్ర ప్రభుత్వపు లెక్క. అందులో నూటికి నలభై నాలుగు మందికి పైగా రెండు చక్రాల బండి మీద ఉన్నవారే. ఎన్ని టైరు వల్ల జరిగాయో ఎవరు చెప్పగలరు? ఎఫ్.ఐ.ఆర్.లో అతివేగం అని వ్రాస్తారు, చచ్చినవాడు కాదనడు. ఆ యేడే హెల్మెట్ లేక పోయినవారు 50,029 మంది. వారిలో వెనుక కూర్చున్నవారే పధ్నాలుగు వేల పైచిలుకు. మన ఇళ్ళలో వెనుక కూర్చునేది ఎవరో చెప్పనక్కరలేదు గదా.

హెల్మెట్ మాట వచ్చింది గనుక, అరబ్బు దేశాలతో ముడిపడిన ఒక కథ చెప్పకుండా ఉండలేము. లారెన్స్ ఆఫ్ అరేబియాగా పేరుపొందిన టి.ఇ. లారెన్స్ 1935 మేలో ఇంగ్లండులో సైకిళ్ళ మీద వస్తున్న ఇద్దరు పిల్లలను తప్పించబోయి మోటారు సైకిలు మీద నుండి పడి, ఆరు రోజులు స్పృహలేకుండా ఉండి పోయాడు. అందులో టైరుకు దోషం లేదు. తలకు దెబ్బ. అతడిని చూచిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఒకరు. ఆయన ఆ చావును మరచిపోలేదు. యుద్ధకాలంలో సైనికుల మోటారు సైకిలు ప్రమాదాలను లెక్కకట్టి, హెల్మెట్ పెట్టుకొన్నవారి గాయాలు ఎంత తేలికో చూపుతూ 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాశారు. ఇంగ్లండులో అది అందరికీ తప్పనిసరి కావడానికి 1973 దాకా పట్టింది. వైద్యుల మాట చట్టమవడానికి ముప్పై రెండేళ్ళు!

మళ్ళీ అల్ రువైస్‌కు వస్తాము. చలికాలం శుక్రవారాలలో దోహా నుండి పెద్ద పెద్ద మోటారు సైకిళ్ళు గుంపుగా వచ్చి రేవు దగ్గర ఆగుతాయి. వాటి ధర మన ఊళ్ళో ఇంటి ధర. నడిపేవారు కరక్ చాయ్ త్రాగి, సముద్రం చూచి, వెళ్ళిపోతారు. అవి ఏడాదికి నాలుగు నెలలు తిరిగి ఎనిమిది నెలలు గ్యారేజీలో ఉడుకుతాయి. వాటి పక్కనుంచి నడిచి వెళ్ళేటప్పుడు ఈ మధ్య మా కళ్ళు వాటంతటవే క్రిందికి పోతున్నాయి. ఒకదాని మీద పదకొండేళ్ళ క్రితపు అంకెలు చూచి ఆ పెద్దమనిషికి మర్యాదగా చెప్పాము. ఆయన వంగి చూచుకొని, తన స్నేహితుణ్ణి పిలిచి అతడిది కూడా చూచుకోమన్నాడు. జబ్బు ధనికుడనీ బీదవాడనీ చూడదు.

మా ఊరు వరంగల్లు. మొన్నటి సెలవులో హనుమకొండలో ఒక కొట్టుకు మా నాన్నగారి స్కూటరుకు టైరు కొనడానికి వెళ్ళి, తేదీ చూపించమన్నాము. "డాక్టర్ సాబ్, టైర్‌కు గూడ బర్త్ సర్టిఫికెట్ గావాల్నా?" అని ఆయన నవ్వాడు. చూపించినది మూడేళ్ళ నాటిది, నల్ల పాలిషు పట్టించి నిగనిగలాడుతున్నది. పక్క కొట్టుకు పోబోతుంటే లోపల నుండి నాలుగు నెలల నాటిది వచ్చింది. ధర ఒకటే.

బండిని చూడడమెట్లా అని కొందరు అడిగారు. ఆయుర్వేదంలో దర్శనం, స్పర్శనం, ప్రశ్న అని రోగిని పరీక్షించే మూడు విధాలు చెబుతారు. అవే ఇక్కడా చాలును. చూపుతో అంకెలు, బీటలు. గీతల అడుగున అరుగుదల తెలిపే చిన్న దిమ్మలుంటాయి, అవి పైకి సమానంగా వచ్చాయంటే వయస్సుతో పని లేదు, మార్చవలసిందే. చేతితో తడిమితే ఉబ్బులు, గోటితో నొక్కితే మెత్తనో రాయో తెలుస్తుంది. ప్రశ్న మాత్రం ఇంట్లోవాళ్ళను అడగాలి: బండి ఎక్కడ నిలబెట్టారు, ఎవరు నడిపారు, గాలి ఎప్పుడు కొట్టించారు. గాలి ఎంత ఉండాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. వెనుక మనిషి ఎక్కితే వేరే అంకె. చక్రం చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. బండిని ఏళ్ళ తరబడి నిలపవలసి వస్తే నడిమి స్టాండు మీద, నీడలో, నిండు గాలితో ఉంచి, ఎవరైనా నెలకొకసారి నాలుగు మైళ్ళు తిప్పివస్తే మంచిది. టైరు మారిస్తే ట్యూబు కూడా మార్చాలి. పాత ట్యూబు ఆదా చేసి కొత్త టైరు వేయించడం కోటుకు చిరిగిన లోచొక్కా వంటిది. ఎవరికీ కనిపించదు, మనకు తెలుస్తుంది.

మన తమ్ముడికి మేము ఇచ్చిన కాగితం గురించి చెప్పలేదు. పూర్తి యోగ్యుడని వ్రాయడానికి చేయి రాలేదు. అయోగ్యుడని వ్రాస్తే మర్నాడే టిక్కెట్టు. నిచ్చెనలు ఎక్కకూడదు, బరువులు ఎత్తకూడదు, మూడు నెలలు తేలిక పని అని వ్రాసి, ఫోర్‌మన్‌తో ఒక మాట మాట్లాడాము. ఆయన కేరళ మనిషి, మంచివాడు. ఇనుప సామాను గదిలో లెక్కలు వ్రాయడానికి పెట్టుకొన్నాడు. జీతం కొంత తగ్గింది. ఓవర్‌టైము పోయింది. అప్పు చేసిన ఆపరేషన్ డబ్బు తీరడానికి మరో రెండేళ్ళు పడుతుందని ఆ గదిలోనే కూర్చొని లెక్క కట్టాడు.

అతడు మాత్రం ఊరుకోలేదు. తన క్యాంపులో అందరికీ ఆ ఫొటో చూపించి అంకెల సంగతి చెప్పాడు. ఇప్పుడు మనవాళ్ళు ఇళ్ళకు ఫోను చేసి, "నా బండి టైరు పక్కకు తెల్లబట్టతోటి తుడిచి ఫొటో కొట్టి పంపు" అంటున్నారు. వచ్చిన ఫొటోలు చదవడం రానివారు మా దగ్గరకు పంపుతున్నారు. రక్తపరీక్షల కాగితాలతోపాటు టైర్లు కూడా చూస్తున్నాము. ఇంతవరకు వచ్చినవాటిలో అన్నింటికంటె పాతది 0911. మెట్‌పల్లి దగ్గర ఒక పల్లెలో, పెండ్లికి పెట్టిన బండిది.

పోయిన వారం ఇక్కడ ఒక ఇంట్లో వంట చేసే మలికిపురం అమ్మ ఒకామె తన కొడుకు బండి ఫొటో తీసుకొచ్చింది. వచ్చే నెల ఆమె సెలవు. రాజమండ్రి నుండి ఆ బండి మీద తీసుకువెళతానని కొడుకు అన్నాడట. అంకెలు చూచి చెప్పాము. ఆమె అక్కడే నిలబడి ఫోను కలిపింది. "బాబూ, నువ్వు బస్టాండుకి ఊరికే రా. నేను ఆటో మాటాడుకుంటాను. సామానుకి కూడా చోటుంటాది. ఆ టైరు మార్పించాక గుడికి తీసుకెళ్దువుగాని" అన్నది.